రుద్దితే పోయేదెంత?

స్నానానికి ముందు పొడి బ్రష్‌తో ఒళ్లు రుద్దుకోవడం ఇప్పుడు కొత్త ఆరోగ్య అలవాటు. దాని గురించి చెప్పే గొప్పల్లో ఏవి నిలుస్తాయి? నలుగు ఎరిగిన మన ఒంటికి అది నప్పుతుందా?

కుళాయి ఇంకా తిప్పలేదు. ఒంటి మీద నీటి చుక్క లేదు, నూనె జిడ్డు లేదు. చేతిలో అరచేతంత చెక్క బ్రష్, దానికి కిత్తనార పోగులు. పాదాల దగ్గర మొదలుపెట్టి పిక్కలు, మోకాళ్లు, తొడలు. ఎక్కడ రుద్దినా కింది నుంచి పైకి, గుండె వైపుకే. పొట్ట దగ్గర మాత్రం గడియారం ముల్లు తిరిగినట్టు గుండ్రంగా. ఆపైన చేతులు, భుజాలు, అందినంత మేర వీపు. ఐదు నిమిషాలయ్యాక స్నానం. డ్రై బ్రషింగ్ అంటే ఇంతే.

ఇంత చిన్న పని నెత్తిన పెట్టిన బరువు మాత్రం చాలా పెద్దది. ఒంట్లో పేరుకున్న విషాలు పోతాయంటారు. శోషరసం, అదే లింఫ్, చురుగ్గా పారుతుందంటారు. తొడల మీది గుంటలు సర్దుకుంటాయంటారు. చర్మం నునుపెక్కుతుందని, మనసు తేలికపడుతుందని కూడా అంటారు. ఈ ఐదింట్లో చివరి రెండూ నిలుస్తాయి, మొదటి మూడూ నిలవవు. తమాషా ఏమిటంటే, బ్రష్‌లు అమ్ముడుపోయేది నిలవని ఆ మూడింటి పేరు మీదే.

అందరూ రుద్దుకున్నవాళ్లే

ఒంటిని గీకి శుభ్రం చేసుకోవడం ఏ ఒక్క జాతి సొత్తూ కాదు. ప్రాచీన గ్రీసులో కుస్తీ పట్టి వచ్చిన కుర్రాడు ముందు నూనె పట్టించుకుని, ఆ నూనెనీ చెమటనీ దుమ్మునీ కలిపి వంకర తిరిగిన లోహపు పలకతో గీకేసుకునేవాడు. ఆ పని చేసుకుంటున్న యువకుణ్ణి లిసిప్పోస్ అనే శిల్పి కంచులో పోతపోశాడు. దాని పాలరాతి నకలు 1849లో రోమ్‌లోని ట్రస్టెవెరె పేటలో బయటపడింది, ఇప్పుడు వాటికన్ మ్యూజియంలో ఉంది. గీకగా వచ్చిన ఆ మడ్డిని పారేసేవారు కూడా కాదు. వాపులకు మందుగా వాడేవారని, అమ్ముకునేవారని రోమన్ రచయిత ప్లినీ రాసిపెట్టాడు.

వాళ్లు అమ్ముకున్నారు. మనం దేవుణ్ణి చేసుకున్నాం. వినాయక చవితి నాడు అక్షతలు చేతిలో పట్టుకుని వినే కథలో పార్వతీదేవి ఒంటి నలుగుపిండితోనే కదా బాలుణ్ణి చేసి వాకిట కాపలా పెట్టింది!

తుర్కియే హమామ్‌లో ఒళ్లు తోమేవాళ్లు ముతక పట్టు తొడుగు చేతికి తగిలించుకుంటారు. కొరియా స్నానశాలల్లో ఆ పనికి గరుకైన ఆకుపచ్చ గుడ్డ సంచి ఉంటుంది. 1960లలో బుసాన్‌లో ఇటలీ నుంచి వచ్చిన విస్కోస్ బట్టతో కుట్టడం వల్ల దాన్ని ఇప్పటికీ 'ఇటలీ టవల్' అనే పిలుస్తారు. అయితే ఈ రెండు చోట్లా ఒళ్లు ముందు వేడిలో, ఆవిరిలో బాగా నానుతుంది. ఏ తడీ లేకుండా రుద్దుకునే అలవాటు జపాన్‌లో ఉంది. చలికాలం పొద్దున్నే పిల్లల్ని చొక్కాలు విప్పించి నిలబెట్టి, పొడి తువ్వాలుతో ఒళ్లు రుద్దుకోమనే బడులు అక్కడ ఉండేవి. చలిని తట్టుకునే ఒళ్లు తయారవుతుందని వాళ్ల నమ్మకం.

బ్రష్‌తో ఈ పని చేయడం వెనక ఐరోపా ప్రకృతి వైద్యం ఉంది. బవేరియా పల్లెలో పుట్టిన సెబాస్టియన్ నైప్ (1821–1897) చర్చిలో గురువు. చన్నీళ్లతో జబ్బులు నయం చేస్తానని పేరు తెచ్చుకుని, 1886లో తన నీటి వైద్యం మీద పుస్తకం రాశాడు. ఆయన పేరుతో నడిచే చికిత్సల్లో పొడి బ్రష్‌తో రుద్దుకోవడం ఇవాళ్టికీ భాగమే. ఆ రోజుల్లోనే లైప్‌జిగ్‌లో లూయీ కూనే అనే మరొకాయన తొట్టి స్నానాలు, నీళ్లలో కూర్చుని రుద్దుకోవడాలు ప్రచారం చేశాడు. ఈయనతో మనకు దగ్గరి చుట్టరికమే ఉంది. కూనే పుస్తకాన్ని 1894లో డి. వెంకటాచలపతి శర్మ తెలుగులోకి తెచ్చారు. భారతదేశంలో ప్రకృతి వైద్య ఉద్యమానికి అదే మొదలని ఆ రంగం చరిత్రలో చెప్పుకుంటారు. హిందీ, ఉర్దూ పాఠకుల కంటే ముందే తెలుగువాళ్లు కూనేని చదివారన్నమాట. దక్షిణాఫ్రికాలో ఉండగా గాంధీజీ తొట్టి స్నానాలు చేసింది కూడా కూనే పుస్తకం చదివే.

కాబట్టి రీల్స్‌లో కనబడే ఈ అలవాటు నిన్న మొన్నటిది కాదు. ప్రకృతి వైద్యుల దగ్గర అది నడక, ఉపవాసం, మితాహారాల మధ్య ఒక చిన్న పని. మార్కెట్ ఆ చిన్న పనిని విడదీసి, పిడి తగిలించి, తక్కిన కష్టాలన్నీ వదిలేసి అమ్ముతోంది.

గీస్తే రాలేది

చర్మం పైపొర అంతా చనిపోయిన కణాలే. పదిహేను, ఇరవై వరసలుగా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, మధ్య మధ్య కొవ్వు పదార్థాలు. ఇటుకలు, వాటి మధ్య సున్నం అనుకుంటే సరిపోతుంది. ఒంట్లోని తడిని బయటికి పోనీయకుండా, బయటి క్రిముల్ని లోపలికి రానీయకుండా కాసేది ఈ గోడే. అడుగున పుట్టిన కణం పైకి చేరి రాలిపోవడానికి వయసులో ఉన్నవాళ్లలో దాదాపు నెల పడుతుంది. వయసు మీరేకొద్దీ ఇంకా ఆలస్యం. రాలడం దానంతటదే, కంటికి కనబడకుండా రోజూ జరుగుతూనే ఉంటుంది.

బ్రష్ చేసేది రాలబోతున్న వాటిని కాస్త ముందుగా రాల్చడం. చలికాలంలో పిక్కల మీద గోరుతో గీస్తే తెల్లటి గీత పడుతుందే, అలాంటి పొడి చర్మం మీద ఈ తేడా చేతికి తెలుస్తుంది. నునుపుగా ఉంటుంది, తర్వాత రాసుకున్న నూనె సమంగా పరుచుకుంటుంది. రుద్దిన చోటికి రక్తం ఎక్కువగా రావడంతో కాసేపు నిగనిగలాడుతుంది. ఇంతవరకు నిజమే.

ఇటుకలతో పాటు సున్నాన్నీ గీకేస్తే కథ తిరగబడుతుంది. పొడిబారడం పోవాలని రుద్దితే తడి ఇంకా త్వరగా ఆరిపోతుంది. మంట, దురద. దురద పుట్టిందని మళ్లీ బ్రష్.

ఇక విషాల సంగతి. ఒంట్లోంచి పోయే వ్యర్థాల్లో మూడో వంతు చర్మం గుండానే పోతుందని బ్రష్ ప్రచారాల్లో తరచూ కనబడే మాట. చెమటలో ఉండేది నీళ్లు, ఉప్పు, కొద్దిగా యూరియా లాంటివి. అది పుట్టిందే ఒంటిని చల్లబరచడానికి. రక్తాన్ని వడపోసే పని మూత్రపిండాలది, అవి రోజుకు సుమారు 180 లీటర్లు వడపోసి అందులో లీటరో రెండు లీటర్లో మూత్రంగా బయటికి పంపుతాయి. మందుల్ని, సారాయిని విరగ్గొట్టే పని కాలేయానిది. ఈ రెంటికీ కిత్తనార కుచ్చుతో ఏ సంబంధమూ లేదు.

బోదకాలు చెప్పే పాఠం

శోషరసం గురించిన మాట వినడానికి శాస్త్రంలా ఉంటుంది గనక కొంచెం ఆగి చూడాలి. సన్నని రక్తనాళాల నుంచి బయటికి ఊరిన ద్రవం కణాల మధ్య చేరుతుంది. దాన్ని పోగుచేసి తిరిగి రక్తంలో కలపడానికి వేరే నాళాలున్నాయి. దారిలో చంకల్లో, గజ్జల్లో, మెడ దగ్గర గ్రంథులు కాపలా కాస్తాయి. కాలికి దెబ్బ తగిలి చీము పట్టినప్పుడు 'గజ్జల్లో బిళ్ల కట్టింది' అంటామే, ఆ బిళ్ల ఇదే. ఈ నాళాల్లో వెనక్కి పోనీయని కవాటాలుంటాయి. పెద్ద నాళాలు వాటంతటవే ముడుచుకుంటాయి. కండరాలు కదిలినప్పుడల్లా, ఊపిరి తీసినప్పుడల్లా ద్రవం పైకి సాగుతుంది. చివరికి ఎక్కువ భాగం ఎడమ మెడ కింద సిరలో కలుస్తుంది.

ఆ దారి మూసుకుపోతే ఏమవుతుందో కోస్తా జిల్లాల్లో పుట్టి పెరిగిన పాత తరానికి ఎవరూ చెప్పక్కర్లేదు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కుడుతుంది, సన్నని పురుగులు శోషరస నాళాల్లో కాపురం పెడతాయి, ఏళ్ల తరబడి నాళాలు దెబ్బతిని కాలు లావెక్కుతుంది. బోదకాలు. ఒక్కో వీధిలో ఒకరిద్దరు ఆ కాలిని ఈడ్చుకుంటూ బతికిన ఊళ్లు ఉండేవి.

ఆ కాలికి వైద్యులు నేర్పే సంరక్షణ ఏమిటి? రోజూ సబ్బు, మంచినీళ్లతో మెత్తగా కడగాలి. వేళ్ల సందులు తడి లేకుండా అద్దాలి. పగుళ్లుంటే మందు రాయాలి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకోవాలి. మడమ, చీలమండ కదిలించే వ్యాయామం చేయాలి. గీరుకుపోకుండా చూసుకోవాలి, ఎందుకంటే చర్మం మీద చిన్న గీత పడినా అందులోంచి క్రిములు చొరబడి జ్వరం, ఎర్రటి వాపు తెస్తాయి. శోషరసం నిజంగా ఆగిపోయిన కాలికి గరుకు బ్రష్ ఎంత ప్రమాదమో ఇక్కడే తెలిసిపోతుంది.

శోషరసాన్ని చేత్తో మళ్లించే చికిత్స ఒకటి లేకపోలేదు. 1930లలో డెన్మార్క్‌కు చెందిన వోడర్ దంపతులు దాన్ని రూపొందించారు. రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స తర్వాత చెయ్యి వాచినవాళ్లకు ఇప్పుడు శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టులు చేస్తున్నారు. అందులో చర్మాన్ని గీకరు. దాన్ని కదిపీ కదపనట్టు, అతి మెల్లగా లాగి వదులుతారు. బ్రష్ అమ్మేవాళ్లు ఈ చికిత్సకున్న పరువును అరువు తెచ్చుకుంటున్నారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు శోషరసం పారాలనుకుంటే అరగంట నడిచి రావచ్చు. పిక్క కండరం అడుగడుగునా చేసే పని అదే.

తొడల మీద గుంటల విషయంలో ఎక్కువ చెప్పడానికి లేదు. సెల్యులైట్ పేరుతో దాన్నో లోపంగా అమెరికా ఆడవాళ్లకు పరిచయం చేసింది 1968లో వోగ్ పత్రిక. అంతకుముందూ ఆ గుంటలున్నాయి, ఎవరూ పట్టించుకోలేదు. చర్మాన్ని కిందికి పట్టి ఉంచే నార పోగుల మధ్య కొవ్వు ఉబ్బితే పైన అలా కనబడుతుంది. ఈడొచ్చిన ఆడవాళ్లలో అత్యధికులకు ఉండేదే. బ్రష్ అంత లోతుకు పోదు. రుద్దినప్పుడు వచ్చే కొద్దిపాటి వాపు వల్ల గంటసేపు పూడినట్టుంటుంది, అంతే. ఈ మాట అన్నాక మనవాళ్లనూ వదలకూడదు. వాగ్భటుడు అష్టాంగ హృదయంలో పొడులతో ఒళ్లు రుద్దే ఉద్వర్తనం కొవ్వు కరిగిస్తుందనే చెప్పాడు. కాకపోతే ఆయన వరసలో అభ్యంగం తర్వాత వ్యాయామం, ఆ తర్వాతే ఉద్వర్తనం, చివర స్నానం. కరిగితే గిరితే దేనివల్ల కరిగిందో ఊహించుకోవచ్చు.

మురికి కాని నలుపు

పాశ్చాత్య దేశాల చర్మవైద్యులు డ్రై బ్రషింగ్ గురించి చెప్పే జాగ్రత్తలు ఎక్కువగా ఎర్రదనం, మంటల చుట్టూ తిరుగుతాయి. మన ఒంటికి ఇంకో చిక్కుంది. దోమ కుట్టినా, మొటిమ గిల్లినా మనకు మిగిలేది నల్లటి మచ్చ. గోధుమ, చామనఛాయ చర్మంలో రంగు కణాలు ఏ కాస్త రాపిడికైనా ఉలిక్కిపడి రంగు చిమ్ముతాయి. ఏళ్ల తరబడి నైలాన్ పీచుతో, కొబ్బరి పీచుతో బలంగా తోముకునేవాళ్లకు వీపు పైభాగం మీద, భుజాల ఎముకల దగ్గర, ముంజేతుల మీద, మోకాలి కింది ఎముక వెంబడి ముదురు మచ్చలు అలలు అలలుగా ఏర్పడతాయి. ఎముక మీద చర్మం పలచగా ఉండే చోట్లే ఎక్కువ. జపాన్‌లో నైలాన్ తువ్వాళ్లు వాడేవాళ్లలో ఇవే మచ్చల్ని అక్కడి వైద్యులు గుర్తించారు. మన దేశంలో చర్మవైద్యుల దగ్గరికి ఈ ఫిర్యాదుతో వచ్చేవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ. వైద్యులు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, దేంతో తోముకుంటున్నారు అని.

అసలు బాధ ఆ తర్వాత. నల్లబడింది కాబట్టి మురికి అనుకుంటారు. మురికి కాబట్టి ఇంకా గట్టిగా రుద్దుతారు. రుద్దినకొద్దీ నలుపు చిక్కబడుతుంది.

మెడ చుట్టూ వచ్చే నల్లటి పట్టీది మరీ అన్యాయం. 'మెడ చూడు, ఎలా మట్టి పట్టిందో' అని తల్లులు పిల్లల్ని కూర్చోబెట్టి పీచుతో తోముతుంటారు. చాలాసార్లు అది మట్టి కాదు. మెడ, చంకల మడతల్లో మఖమల్‌లా మందంగా నల్లబడటం ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు. బరువెక్కిన పిల్లల్లో, ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువ. ఆ పిల్లకు కావాల్సింది రక్త పరీక్ష, ఆటస్థలం. ఎంత ఖరీదైన బ్రష్ తెచ్చినా ఆ నలుపు పోదు, పిల్ల మాత్రం సిగ్గుతో మెడ వంచుకుంటుంది.

నలుగు తెలివి

నలుగులో ఇన్ని తరాలుగా మనం గమనించకుండా పాటిస్తున్న ఒక తెలివి ఉంది. ఎప్పుడూ పొడి ఒంటి మీద పిండి పెట్టం. ముందు నువ్వుల నూనె. అది ఒంట్లోకి ఇంకేదాకా పీట మీద కూర్చోవాలి, పండగ పొద్దున పిల్లలకు అదొక శిక్ష. ఆ తర్వాతే సున్నిపిండి. పెసలు, సెనగపప్పు, కాసిన్ని బియ్యం, కస్తూరి పసుపు, కచ్చూరాలు, ఎండబెట్టిన గులాబీ రేకులు, ఇంటికో కొలత. పిండి నూనెను పీల్చుకుని చేతికింద ఉండలు ఉండలుగా చుట్టుకుని రాలుతుంది, దాంతో పాటు చనిపోయిన చర్మమూ వస్తుంది. నూనె ఉండబట్టి రాపిడి తక్కువ, స్నానమయ్యాక ఒంటి మీద పలచని జిడ్డు మిగిలి తడిని పట్టి ఉంచుతుంది. గ్రీకు కుస్తీవీరుడు చేసిందీ ఇదే వరస.

అలాగని నలుగును నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. కొందరు సున్నిపిండిలో బావంచాలు కలుపుతారు. వాటిలో ఉండే సొరాలెన్ అనే పదార్థం చర్మానికి ఎండను ఎక్కువగా తగిలేలా చేస్తుంది. బొల్లి చికిత్సలో వాడేది అందుకే. అది పట్టించుకుని ఎండలో తిరిగితే ఒళ్లు కమిలి నల్లబడొచ్చు. పసికందుల ఒంటి మీది నూగు పోవాలని పిండి ముద్దతో దొర్లించి దొర్లించి లాగడాన్ని పిల్లల వైద్యులు వద్దంటారు. మడతల్లో పిండి మిగిలితే పొక్కులు వస్తాయి. నూగు దానంతటదే రాలిపోతుంది.

చర్మం కోరుకునే వేగం

బ్రష్‌కూ ఆనందానికీ ఉన్న సంబంధాన్ని నిజంగానే ప్రయోగశాలలో పరీక్షించారు. వెంట్రుకలు మొలిచే చర్మంలో ఒక రకం సన్నని నాడులున్నాయి. నొప్పి, వేడి కబుర్లు మోసే నాడుల కన్నా ఇవి వేరు. వీటికి మెత్తటి స్పర్శే పని. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు 2009లో యంత్రానికి మెత్తని కుంచె బిగించి, మనుషుల ముంజేతి మీద రకరకాల వేగాలతో నడిపించారు. సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో సాగినప్పుడు ఈ నాడులు బాగా స్పందించాయి, సరిగ్గా ఆ వేగమే హాయిగా ఉందని మనుషులూ చెప్పారు. మరీ నెమ్మదిగా, మరీ వేగంగా నడిపినప్పుడు ఆ హాయి తగ్గింది.

లెక్క వేయండి. సెకనుకు 3 సెంటీమీటర్లంటే మణికట్టు నుంచి మోచేతి దాకా రావడానికి ఎనిమిది సెకన్లు. రీల్స్‌లో ఆ దూరాన్ని ఒక్క సెకనులో మూడుసార్లు గీకేస్తారు. తల్లి బిడ్డ వీపు నిమిరే వేగం ఎనిమిది సెకన్లకు దగ్గర, పాత్ర తోమే వేగం రీల్స్‌కు దగ్గర.

నా మటుకు డ్రై బ్రషింగ్‌లో దక్కించుకోవాల్సింది ఈ ఎనిమిది సెకన్లే. పొద్దున్నే ఫోన్ పట్టుకోకుండా గడిపే ఐదు నిమిషాలు. తన పిక్క ఎక్కడ నొప్పిగా ఉందో, మోచేయి ఎంత ఎండిపోయిందో, పుట్టుమచ్చ ఏదైనా కొత్తగా పెరిగిందో మనిషి తన ఒంటిని తాను చూసుకునే వ్యవధి అది. దానికి డీటాక్స్ అని పేరు పెట్టాల్సిన అవసరం లేదు.

చేయదలచుకుంటే

కొట్లో బ్రష్ చేతికిస్తే ముంజేతి లోపలి వైపు ఒకసారి లాగి చూడండి. గిలిగింత పెట్టాలి, గీరకూడదు. కిత్తనార మరీ బిరుసనిపిస్తే మెత్తటి కుచ్చు ఎంచుకోవచ్చు, లేదా పెరట్లో ఎండిన నేతిబీర పీచు చాలు, కాకపోతే దాన్ని తడిపి వాడాలి. రోజూ అక్కర్లేదు. వారానికి ఒకసారి, పొడి చర్మం లేనివాళ్లకు రెండుసార్లు. చేతి బరువు బ్రష్ మీద పడకూడదు. చర్మం కాస్త వెచ్చబడి గులాబీ రంగు తిరిగితే చాలు, చామనఛాయ మీద ఆ రంగు కనబడదు కాబట్టి వెచ్చదనమే గుర్తు. మంట మొదలైతే హద్దు దాటినట్టే. తర్వాత మరీ వేడి నీళ్లు వద్దు. తువ్వాలుతో అద్దుకుని, ఒంటి మీద చెమ్మ ఉండగానే కొబ్బరి నూనో, నువ్వుల నూనో, మాయిశ్చరైజరో రాయాలి.

ముఖం జోలికి వెళ్లొద్దు. పుండ్లు, కమిలిన చోట్లు, పొంగిన సిరలు, ఆ రోజే షేవింగ్ చేసిన కాళ్లు వదిలేయాలి. సోరియాసిస్ ఉన్నవాళ్లు బ్రష్ ముట్టుకోకపోవడం మంచిది. గీరుకున్న చోటల్లా అది కొత్తగా మొలుస్తుందని 1870లలోనే జర్మన్ వైద్యుడు కోబ్నర్ గమనించాడు. ఉలిపిరికాయలు, తామర ఒకచోట నుంచి మరోచోటికి బ్రష్ ఎక్కి ప్రయాణం చేస్తాయి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు గీరుకున్నా తెలియదు. రక్తం పలచబడే మందులు వాడే పెద్దవాళ్లకు చర్మం తేలిగ్గా కమిలిపోతుంది, రెటినాల్ లాంటి క్రీములు రాసేవాళ్లకు తేలిగ్గా చిట్లుతుంది.

బ్రష్ ఎవరిది వాళ్లదే. వారానికోసారి సబ్బుతో కడిగి, కుచ్చు కిందికి ఉండేలా ఎండలో ఆరబెట్టాలి. తడి ఆరని స్నానాల గదిలో వేలాడదీస్తే బూజు పడుతుంది, మళ్లీ అదే ఒంటికి.

ఇక వీపు. నలుగు పెట్టే ఇళ్లల్లో ఆ ప్రశ్నే వచ్చేది కాదు. అమ్మో, అమ్మమ్మో, పెళ్లినాడైతే పేరంటాళ్లో ఉండేవారు. చంటిపిల్లనైతే చాపిన కాళ్ల మీద బోర్లా వేసుకునేవారు. ఒంటరి స్నానానికి బ్రష్ కంపెనీలు కనిపెట్టిన జవాబు పొడుగాటి చెక్క పిడి. పిడి ఉన్న రకానికి ధర కొంచెం ఎక్కువ. ఇంట్లో ఇంకో మనిషి ఉంటే ఆ డబ్బు మిగుల్చుకుని, వీపు రుద్దమని అడగొచ్చు. కాకపోతే నెమ్మదిగా రుద్దమని ముందే చెప్పుకోవాలి.